గోటి రంగు ముత్యాలు

ముత్యం తెల్లగా ఉంటుందనేవాళ్ళు దాన్ని ఎప్పుడూ దగ్గరగా చూసి ఉండరు. పాలరంగుది ఒకటి, వెన్నరంగుది ఒకటి, బూడిద చల్లినట్టుండేది ఒకటి, లోపలెక్కడో దీపం పెట్టినట్టు గులాబీ ఛాయ కొట్టేది ఒకటి. ఒకే డబ్బాలోంచి తీసిన రెండు ముత్యాలు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కవలల్లా ఉండవు. ఈ సంగతి పూసలావిడకి తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలీదు. పదేళ్ళుగా ఆవిడ పనే అది మరి. దుస్తుల మీద పూసలు కుట్టడం, తెగిన దండలు మళ్ళీ గుచ్చడం, నిగ్గు పోయిన ముత్యాలు ఏరేసి వాటి చోట మంచివి వెయ్యడం.

పని నేర్పింది అత్తగారే. చూపు మందగించాక ముసలావిడ సూది వదిలేసింది గానీ నోరు వదల్లేదు. "చేతికి రాగానే ముందు పంటికి రాసి చూడవే అమ్మాయ్. నున్నగా జారిందా, గాజు. గరగరమందా, అసలు సరుకు. నలభై ఏళ్ళలో ఒక్కడూ నన్ను మోసం చెయ్యలేకపోయాడు, తెలుసా?" అని మొదటిరోజు చెప్పింది, ఆ తర్వాత వారానికి రెండుసార్లు చెబుతూనే ఉంది. పూసలావిడకి అదే అలవాటైపోయింది. కొత్త ముత్యం వేళ్ళ మధ్యకి వచ్చిందంటే, తలలో ఏం ఆలోచన ఉన్నా సరే, చెయ్యి దానంతటదే నోటి దాకా వెళ్ళేది.

ఇంట్లో ముగ్గురే ఆడవాళ్ళు. ఇంటాయన పోయి మూడేళ్ళయింది. పూసలావిడ, అత్తగారు, ఏడేళ్ళ కూతురు. ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. తినేది పిడికెడు, వాగేది గంపెడు. మేడ మీద రెండు గదులు. ముందుగదిలో కిటికీ దగ్గర పని బల్ల, లోపలి గదిలో మంచాలు. వానాకాలం కావడంతో గోడలు చెమ్మగిల్లి, మైనం రాసిన దారం వాసనా, తడి గుడ్డల వాసనా కలిసి గదంతా ముక్కిపోయిన కంపు కొడుతోంది.

ఆ నెల ఒక మంచి పని వచ్చింది. దుస్తుల దుకాణం ఆవిడ ఒక పాత ముత్యాల మెడపట్టీ తెచ్చి బల్ల మీద పరిచింది. ఎవరో పెద్దావిడ పెళ్ళికి వేసుకున్నదట, ఇప్పుడు మనవరాలు వేసుకోవాలట. చెమటకీ అత్తరుకీ ఇరవై ముత్యాలు చచ్చిపోయి సుద్దముక్కల్లా తేలిపోయాయి. మిగతావన్నీ లేత గులాబీ ఛాయ.

"అతికినట్టు కనపడకూడదు. కుదరకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకోళ్ళకి ఇస్తాను" అంది దుకాణం ఆవిడ.

"ఎందుకు కుదరదండీ?" అనేసింది పూసలావిడ. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్నిసార్లు తల బాదుకుందో.

ఊళ్ళో ముత్యాలు అమ్మే ప్రతి కొట్టూ ఎక్కి దిగింది. ఒకచోట దొరికింది మరీ పసుపు, ఇంకోచోటిది మరీ ఎరుపు. చివరికి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టింది. పాత ముత్యాలు వేలంలో అమ్మేవాళ్ళు బోలెడంత మంది. ఫొటో పెడతారు, గడువు పెడతారు, గడువు ముగిసేసరికి ఎవరి పాట ఎక్కువుంటే సరుకు వాళ్ళది. వాళ్ళలో ఒకడు మేలివన్నె. అది వాడు పెట్టుకున్న పేరు. కొన్నవాళ్ళు వాడి గురించి రాసిన మాటలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "రంగు అచ్చం కుదిరింది." "రంగు అచ్చం కుదిరింది." కిందకి జరుపుతూ పోయింది, ఎంతసేపు జరిపినా అదే మాట. పోనీలే, రంగే కదా నాకు కావలసింది, అనుకుంది పిచ్చిది.

తనకి కావలసిన రంగు రాసి పంపితే వాడి దగ్గర్నుంచి వెంటనే జవాబొచ్చింది. "నమస్కారమండీ. ఉత్త ఫొటోలో రంగు సరిగ్గా తెలీదు. పక్కన పోల్చుకోవడానికి ఏదైనా పెట్టి తీయండి."

ఇందులో వింతేం లేదు. పూసల పనివాళ్ళందరూ అదే చేస్తారు. తెల్లకాగితం మీదో, ఒంటి మీదో ముత్యం పెట్టి చూపించుకుంటారు. పూసలావిడ పట్టీలోంచి ఒక మంచి ముత్యం విప్పింది. కాగితం మీద పెడితే తేలిపోయింది. తన అరచేతిలో పెడితే మాసినట్టు కనిపించింది. అప్పుడు పక్కన కూర్చుని బొమ్మలేసుకుంటున్న పిచ్చుక చెయ్యి లాగి, బొటనవేలి గోటి మీద పెట్టింది. ఆశ్చర్యం! గోరెక్కడుందో ముత్యమెక్కడుందో తెలీనంతగా కలిసిపోయాయి. ఏం చేస్తోందా అని పిల్ల మొహం వంచి వింతగా చూసింది. పూసలావిడ ఫొటో తీసి పంపింది.

"సరిగ్గా ఇదే రంగు. ఇరవై కావాలి" అని రాసింది.

"ఇరవయ్యే ఉన్నాయండీ" అన్నాడు వాడు.

మొదట ఐదు, తర్వాత ఐదు, చివర పది... మూడు వేలాలుగా పెట్టాడు. ప్రతిదీ సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. మొదటిదానికి ఇంకెవరో కూడా పోటీ పడ్డారు. పేరు దాచుకున్న ఆసామి, చుక్కలు తప్ప ఏమీ కనపడదు. ఆఖరి క్షణంలో పూసలావిడ పాట పెంచి గెలిచింది. గెలిచిన సంబరంలో పిచ్చుకని ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

రెండోరోజుకి ముత్యాలొచ్చాయి. దూదిలో చుట్టిన ఐదు. పంటికి రాసింది, గరగరమన్నాయి. పట్టీ మీద పెడితే, పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టున్నాయి. ఒక్కటే తేడా. ముత్యం చేతిలోకి తీసుకోగానే చల్లగా తగలాలి. ఇవి గోరువెచ్చగా ఉన్నాయి. వానలో తడుస్తూ వచ్చిన పొట్లం వెచ్చగా ఎలా ఉంటుందో ఆవిడ ఆలోచించలేదు. కుట్టేసింది.

"దీని గోళ్ళు చూశావటే?" అంది అత్తగారు ఆ సాయంత్రం, మనవరాలి చెయ్యి కళ్ళకి ఆనించుకుని. "నాకే కనపడుతోందంటే చూసుకో. తిండి పెట్టవే దీనికి, ఎప్పుడూ ఆ ఫోనేనా?"

ఎడమచేతి ఐదు గోళ్ళూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బలం లేకే ఉంటుందిలే అనుకుని మందుల కొట్లో టానిక్కు సీసా కొంది. ఈలోగా రెండో వేలం ముగిసింది, గెలిచింది, పొట్లం వచ్చింది. విప్పింది. ఒకదాని తర్వాత ఒకటి ఐదూ పంటికి రాసింది. ఐదోది నోట్లో ఉండగానే పిచ్చుక వచ్చి పక్కన నిలబడి, బల్ల మీద కుడిచెయ్యి ఆనించింది.

ఆ గోళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి.

పూసలావిడ పళ్ళ మధ్య నుంచి ముత్యం జారి ఒళ్ళో పడింది. పడ్డదాన్ని తీసి పిల్ల గోటి పక్కన పెట్టింది. ఒకటి గులాబీ రంగు. ఒకటి సుద్ద.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"ఉహూ" అంది పిచ్చుక. తర్వాత అమ్మ చెవి దగ్గరికి వంగి, నానమ్మకి వినపడకుండా గుసగుసగా చెప్పింది. "నేను మధ్యాహ్నం పడుకుంటే ఒకాయన వచ్చి నా చేతులు చూస్తాడమ్మా. బాగున్నాయి, బాగున్నాయి అంటాడు."

"ఎవరే? ఎలా ఉంటాడు?"

"మొహం కనపడదు. చేతులే. తడిగా ఉంటాయి."

పూసలావిడ పట్టీ దగ్గరికి లాక్కుంది. కుట్టిన ఐదు ముత్యాలూ గబగబా విప్పేసింది. పదీ ఒక గుడ్డలో మూటగట్టి, వాడికి రాసింది. నాకు వద్దు, తిరిగి పంపేస్తున్నాను, చివరి పదింటి వేలం ఆపెయ్యండి అని.

"తిరిగి పంపొచ్చండీ" అని వచ్చింది జవాబు. "కానీ ఈ పదీ మీరు పంటికి రాశారు. గీత పడింది. వాడిన సరుకు వెనక్కి తీసుకోము. చివరి పదికి ఇప్పటికే వేరేవాళ్ళు పాట పెట్టారు. వేలం ఆగదు. మీరు కొంటారో, వాళ్ళు కొంటారో మీ ఇష్టం."

పంటికి రాసినట్టు వాడికెలా తెలిసింది? ఆవిడ తల తిప్పి కిటికీ వంక చూసింది. వాన తప్ప ఏమీ లేదు.

ఎవరికి చెప్పుకుంటుంది? నా కూతురి గోళ్ళ రంగు ఎవరో అమ్ముకుంటున్నాడంటే నవ్వి పోరూ? అత్తగారికి చెబితే ఇంకేమన్నా ఉందా, "నువ్వే ఫొటో తీసి పంపావా, నీ చేతులు విరగ!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. చెప్పకపోవడమే మేలనుకుంది. అక్కడే తప్పు చేసింది.

మూడో వేలం రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మూడున్నరకే మబ్బు పట్టి గదిలో మసక చీకటి. కిటికీ పైన రేకు మీద వాన దబదబా కొడుతోంది. లోపలి మంచం మీద పిచ్చుక నిద్రపోతోంది. పూసలావిడ దుప్పటి తొలగించి, ఆ చిన్న పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక చేతిలో ఫోను. కళ్ళు మాత్రం కాలివేళ్ళ మీదే. చివరి పదీ ఎక్కడివో ఆవిడకి చెప్పాల్సిన పనిలేదు.

నాలుగవడానికి రెండు నిమిషాలు. చుక్కల ఆసామి పాట పెంచాడు. ఈవిడా పెంచింది. వాడు మళ్ళీ పెంచాడు.

గదిలో ఎక్కణ్ణుంచో ఉప్పునీళ్ళ వాసన వచ్చింది. నీచు వాసన... తడి గవ్వలు కుప్పపోస్తే వచ్చే వాసన. మంచం అవతలి పక్క కిర్రుమంది. ఎవరో కూర్చున్నట్టు. పరుపు కొంచెం కుంగింది. ఆవిడ తలెత్తలేదు. ఎత్తితే చూడాల్సి వస్తుంది.

ఒక నిమిషం. పెంచింది. పది సెకన్లు... ఐదు...

గెలిచింది.

చిటికెనవేలి దగ్గర మొదలైంది. గులాబీ రంగు అంచునుంచి లోపలికి... మెల్లగా... ఎవరో స్ట్రా పెట్టి పీల్చుకుంటున్నట్టు... ఒక్కో గోరూ తెల్లబడింది. పిల్ల నిద్రలో కాలు కూడా కదపలేదు. "బాగున్నాయి" అంది ఒక గొంతు, మర్యాదగా, చాలా దగ్గర్నుంచి. కుంగిన పరుపు మళ్ళీ పైకి లేచింది.

పొట్లం వచ్చినప్పుడు ఆవిడ దూది కూడా విప్పలేదు. చేతులు వెనక్కి కట్టేసుకున్నంత పని చేసి, వచ్చింది వచ్చినట్టే ఇంకో కవర్లో పెట్టి తిప్పి పంపింది. మూడోరోజు పొద్దున పిచ్చుక మేజోళ్ళు తొడుక్కుంటుంటే చూసింది. పది కాలిగోళ్ళూ గులాబీ రంగులో మెరుస్తున్నాయి. పూసలావిడ ఆ పాదాలకి మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. "గిలిగింతలు అమ్మా!" అని పిల్ల కిలకిలా నవ్వింది. దుకాణం ఆవిడకి మెడపట్టీ అలాగే తిరిగిచ్చేసి, ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ తలొంచుకుని వింది. చేతిగోళ్ళ సంగతి ఏమైతే అదే అయింది, గోళ్ళు తెల్లగా ఉన్నంత మాత్రాన ప్రాణం పోదు, అనుకుంది.

ఆ రోజే వాడి దగ్గర్నుంచి ఫోనుకి మెసేజి వచ్చింది. "మీరు పంపిన పదీ అందాయండీ. సరుకు చెక్కుచెదరలేదు, సంతోషం. మీ ఫొటోలో పక్కన ఇంకో జత కూడా పడింది. నల్లవి. ఇంత నిగ్గున్న నలుపు చాలా అరుదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి వేలం."

పాత ఫొటో తీసి చూసింది. గోటి మీద ముత్యం. దాని పక్కనే, వింతగా చూస్తున్న పిచ్చుక రెండు కళ్ళు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను. నావి తీసుకోండి" అని రాసింది.

"మీవి అడిగినవాళ్ళు లేరండీ" అన్నాడు.

వేలం తెరిచేసరికే చుక్కల ఆసామి పాట పెట్టేశాడు. ఆవిడకి ఒకటే దారి కనిపించింది. తనే గెలవాలి. పొట్లం విప్పకుండా, ముట్టుకోకుండా తిప్పి పంపాలి. కాలిగోళ్ళు వచ్చాయి కదా, ఇవీ వస్తాయి. ఒంటి మీద మిగిలిన బంగారమంతా అమ్మేసింది.

ఆదివారం సాయంత్రం అన్ని దీపాలూ వేసి, పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల చేతిలో రంగు పెన్సిళ్ళు. "ఇది ఏ రంగే?" అని ఒక్కోటీ అడిగింది. పిల్ల విసుక్కుంటూనే చెప్పింది. "ఏంటమ్మా, నాకు తెలీదా?"

"తెలుసులే. ఇటు చూడు. నా మొహం చూడు. బాగా చూడు తల్లీ."

"చూస్తున్నా కదా! ఎందుకు ఏడుస్తున్నావు?"

చుక్కల ఆసామి వదల్లేదు. ఆవిడా వదల్లేదు. ఆఖరి సెకను దాటగానే ఫోను మీద రంగుకాగితాలు రాలినట్టు బొమ్మ వచ్చింది. అభినందనలు, మీరే గెలిచారు.

"అమ్మా" అంది పిచ్చుక. "కరెంటు పోయిందా?"

దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడ ఒళ్ళో ఉన్న మొహంలో రెండు కళ్ళూ ఉడికించిన గుడ్డులా తెల్లగా ఉన్నాయి.

"అవునమ్మా. పోయింది. రెండ్రోజుల్లో వచ్చేస్తుంది" అంది తల్లి.

రెండు రోజులు అత్తగారు గుండెలు బాదుకుంటూనే ఉంది. కంటి డాక్టరు లైటు వేసి చూసి, ఏమీ అర్థంకాక ఇంకో డాక్టరు పేరు రాసిచ్చాడు. పూసలావిడ కంటి మీద కునుకు లేకుండా వీధి గుమ్మంలోనే కూర్చుంది. కొరియరు ఎప్పుడూ పదకొండు దాటాకే వస్తుంది. మూడోరోజు పొద్దున తొమ్మిదింటికి, తల దురదేస్తోందని పిచ్చుక ఏడుస్తుంటే, ఎంతసేపులే అని లోపలి గదిలోకి తీసుకెళ్ళి జడ విప్పి దువ్వుతోంది.

"అమ్మా!" పిచ్చుక ఒక్కసారి ఎగిరి గంతేసింది. "కనపడుతోంది! నాకు కనపడుతోందమ్మా!"

పూసలావిడ ప్రాణం లేచొచ్చింది. పిల్ల మొహం తన వైపు తిప్పుకుంది. కళ్ళు తెల్లగానే ఉన్నాయి.

"ఏం... ఏం కనపడుతోంది తల్లీ?"

"నీ పని బల్ల. కత్తెర. దూది." పిచ్చుక నవ్వుతోంది. "అదిగో నానమ్మ! అబ్బో, నానమ్మ మొహం ఎంత పెద్దగా ఉందో! దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి..."

దువ్వెన చేతిలోంచి జారిపోయింది.

"నోరు తెరిచిందమ్మా... లోపల ఎర్రగా... పళ్ళు... అమ్మా, పళ్ళు!"

పిల్ల వేసిన కేక ఇంకా ఆగకముందే పూసలావిడ ముందుగదిలోకి పరిగెత్తింది. ముసలావిడ బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా చింపిన పొట్లం, ఆ రోజు కొరియరు ముందే వచ్చేసినట్టుంది. కోడలు ఈమధ్య బంగారం అమ్మి మరీ ఏదో కొంటోందని ఆవిడకి అనుమానం, ఎవడి చేతిలోనో మోసపోతోందని బెంగ. ఒక నల్లటి ముత్యం అప్పుడే బల్ల మీద పెట్టి, రెండోది ముందుపళ్ళకి అటూ ఇటూ రాస్తోంది. మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు.

"అసలువేనే అమ్మాయ్!" అంది. "రెండూ గరగరలాడుతున్నాయి!"

ఫోను మోగింది. వాడిన సరుకు వెనక్కి తీసుకోము, మీ ఆదరణకి ధన్యవాదాలు అని.

ఆ తర్వాత ఆ ఇంట్లో ముసలావిడ మాట ఎవరూ వినలేదు. ఎందుకు కోడలు అలా నేల మీద కూలబడి అరిచిందో తెలిసినప్పట్నుంచీ ఆవిడ నోరు తెరవలేదు, అన్నం ముద్ద పెట్టినా పళ్ళు బిగించే ఉంచుతుంది. మేలివన్నె పేరు ఫోన్‌లో ఎంత వెతికినా దొరకలేదు. పూసలావిడ ఆ జతని ఒక చిన్న రేకు డబ్బాలో మెత్తటి గుడ్డ పరిచి పెట్టింది. పొద్దున లేవగానే మూత తీసి కిటికీలో పెడుతుంది, పిచ్చుక వీధి చూసుకుంటుంది. అన్నం తినేటప్పుడు కంచం పక్కన పెడుతుంది. ముత్యం మీద గీత పడిన చోట మాత్రం అంతా చీలినట్టు కనపడుతుందట. చీకటి పడ్డాక మూత వేస్తుంది. మూత వేస్తేనే పిల్లకి నిద్ర పడుతుంది. ఎలాగోలా రోజులు జరిగిపోతున్నాయి. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడని ఆవిడ తనకి తాను చెప్పుకుంటోంది.

మొన్న ఒక పొద్దున పిచ్చుక మంచం మీద లేచి కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది.

"నిద్ర పట్టలేదామ్మా?"

"ఉహూ." గొంతు తగ్గించి గుసగుసలాడింది. "డబ్బాలో ఇంకెవరో ఉన్నారమ్మా. రాత్రంతా నా వంకే చూస్తున్నారు."

"మూత వేసి ఉంది కదే. చీకట్లో నీకెలా తెలుస్తుంది?"

"వాళ్ళ రెప్పలు తగులుతున్నాయి."

పూసలావిడ డబ్బా చేతిలోకి తీసుకుంది. బరువు తేడాగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మూత తీసింది. గుప్పున ఉప్పునీళ్ళ వాసన.

గుడ్డ మీద మూడు ముత్యాలున్నాయి. మూడోది ఇంకా తడిగా ఉంది.